మోర్ బెటర్ ఎందుకు తప్పు?

నమస్తే అండి. గ్రామర్ పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టను, భయపడకండి. అడ్జెక్టివ్ అంటే ఏంటో మీకు తెలుసు, గుడ్, బెటర్, బెస్ట్ కూడా స్కూల్లో బట్టీ పట్టే ఉంటారు. అయినా మాటల్లో పడితే 'దిస్ ఫోన్ ఈజ్ మోర్ బెటర్' అని వచ్చేస్తుంది. లేదంటే 'హి ఈజ్ టాల్ దాన్ మీ' అంటాం. ఒకదాంట్లో ఎక్కువైంది, ఇంకోదాంట్లో తక్కువైంది, కానీ రెండు తప్పులూ ఒకచోట పుట్టినవే.

తెలుగులో పోలిక చెప్పేటప్పుడు విశేషణం మారదు. రవి పొడుగు, రవి నాకంటే పొడుగు, రవి అందరికంటే పొడుగు. మూడింట్లోనూ పొడుగు పొడుగే, పనంతా 'కంటే' చూసుకుంటుంది. అందుకే దాన్ అనే మాట పెట్టగానే పని అయిపోయిందనుకుంటాం, టాల్‌ని టాలర్ చేయాలని తట్టదు. అది తప్పని ఎవరో చెప్పాక, ఎందుకైనా మంచిదని ఈసారి ముందు మోర్ కూడా తగిలించి 'మోర్ టాలర్' అంటాం. ఇంగ్లీషులో పోలిక గుర్తు అడ్జెక్టివ్‌కి తగలాలి, అదీ ఒక్కసారే తగలాలి. నేను చెప్పబోయేదాంట్లో చాలా భాగం ఈ 'ఒక్కసారే' గురించే. అన్నట్టు, నాలుగు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషులో ఇలా రెండుసార్లు వాడటం మామూలే, పేరున్న రచయితలే రాశారు. మీరు ఇప్పుడు పరీక్షలో రాస్తే మాత్రం మార్కులు పోతాయి.

ఏది ఎక్కడ పెట్టాలన్నది కష్టమేం కాదు. చిన్న మాటలకి చివర చేరుతుంది, కోల్డర్, కోల్డెస్ట్. హ్యాపీ లాగా వై అక్షరంతో ముగిసేవి హ్యాపియర్, హ్యాపియెస్ట్ అవుతాయి. బ్యూటిఫుల్ లాంటి పొడుగు మాటలకి ముందు మోర్, మోస్ట్ వస్తాయి. సింపుల్, నారో, క్లెవర్ లాంటివి రెండు రకాలుగానూ నడుస్తాయి, వాటి గురించి టెన్షన్ పడకండి. బెటర్ అన్న తర్వాత కూడా ఇంకాస్త బలం కావాలంటే వెరీ పనికిరాదు, మచ్ బెటర్, ఫార్ బెటర్ అనాలి. సీనియర్, జూనియర్, సుపీరియర్ లాటిన్ నుంచి వచ్చినవి, ఆ భాషలో అవి అప్పటికే పోలిక రూపాలు, అందుకే 'సీనియర్ దాన్ మీ' అనరు, 'సీనియర్ టు మీ' అంటారు.

మన ఇంకో అలవాటు, పెద్ద పెద్ద భవనాలు, చిన్న చిన్న తప్పులు. తెలుగులో ఎంత అందంగా ఉంటుందో! అదే ఇంగ్లీషులోకి దించి 'స్మాల్ స్మాల్ మిస్టేక్స్' అంటే అతకదు, ఎందుకంటే అవి చాలా ఉన్నాయన్న సంగతి మిస్టేక్స్ చివరున్న ఎస్ చెప్పేసింది, ఇంక స్మాల్‌ని రెండోసారి పలికించనక్కర్లేదు. మన 'చాలా'ని టూ అనడం కూడా ఇలాంటిదే. స్నేహితుల మధ్య 'టూ గుడ్' చెల్లిపోతుంది గానీ, టూ అంటే మామూలుగా అతి అని అర్థం. 'ది వాటర్ ఈజ్ టూ హాట్' అంటే బాగా వేడిగా ఉన్నాయని చెప్పి ఊరుకోవడం కాదు, తాగలేనంత వేడి అని ఫిర్యాదు.

ఇప్పుడు బలమైన మాటల దగ్గరికొద్దాం, నాకు ఇష్టమైన భాగం ఇదే. వెరీ కోల్డ్‌కి బదులు ఫ్రీజింగ్, వెరీ టైర్డ్‌కి బదులు ఎగ్జాస్టెడ్, వెరీ స్మాల్‌కి బదులు టైనీ, వెరీ ఫన్నీకి బదులు హిలేరియస్. వీటిలో వెరీ లోపలే కూర్చుని ఉంది, అందుకే 'వెరీ ఫ్రీజింగ్' అంటే మళ్లీ మోర్ బెటర్ కథే. ఇంకా బలం కావాలంటే అబ్సొల్యూట్లీ పెట్టండి, 'ఐ యామ్ అబ్సొల్యూట్లీ ఎగ్జాస్టెడ్' చక్కగా ఉంటుంది. తమాషా ఏంటంటే ఇది తిరగేస్తే పనిచేయదు, 'అబ్సొల్యూట్లీ టైర్డ్' అంటే చెవికి ఏదో తేడా కొడుతుంది. ఏది పెట్టాలో తోచకపోతే రియల్లీ వాడండి, అది రెండింటితోనూ సర్దుకుపోతుంది.

అయితే ఇలాంటి జాబితాలు బట్టీ పట్టి ప్రతి వాక్యంలో కుమ్మరించేవాళ్లంటే నాకు కాస్త చిరాకు. మెసేజ్‌కి ఎవరో గంట ఆలస్యంగా జవాబిచ్చారనుకోండి, మీరు ఫ్యూరియస్ అంటారు. రేపు అదే మనిషి మీ పరువు నలుగురిలో తీస్తే ఏమంటారు? గంట ఆలస్యానికి అనాయ్డ్ చాలు, పరువు పోయినప్పుడు ఫ్యూరియస్ అనండి, మధ్యలో యాంగ్రీ ఎలాగూ ఉంది. ప్రతి సెల్ఫీ కింద స్టన్నింగ్ అని రాసేవాళ్ల మెచ్చుకోలు ఎవరు నమ్ముతారు చెప్పండి?

పైగా డిక్షనరీలో పక్కపక్కన ఉన్న మాటలన్నీ ఒక వైపే లాగవు. సన్నగా ఉన్న మనిషిని స్లిమ్ అంటే మురిసిపోతారు, స్కిన్నీ అంటే మొహం మాడ్చుకుంటారు. ఫేమస్ కంటే నొటోరియస్ గట్టిగా వినిపిస్తోంది కదా అని ముఖ్య అతిథికి అది తగిలిస్తే ఆయన్ని పేరుమోసిన దొంగల సరసన నిలబెట్టినట్టే. టెర్రిబుల్, టెర్రిఫిక్ రెండూ భయం అనే అర్థమున్న మాట నుంచే పుట్టాయి, ఇప్పుడేమో మొదటిది తిట్టు, రెండోది పొగడ్త. కాబట్టి కొత్త మాట దొరికితే అర్థం ఒక్కటే చూసి వదిలేయకండి, అది ఎవరి గురించి, ఏ సందర్భంలో వాడారో రెండు మూడు వాక్యాలు చదవండి.

సరే, ఇక మీ ప్రశ్నలు. ముందు వరసలో చెయ్యెత్తినవారు ఫార్దర్‌కీ ఫర్దర్‌కీ తేడా అడుగుతున్నారు. దూరం గురించి చెప్పేటప్పుడు ఏదైనా వాడొచ్చు. 'మరిన్ని' అనే అర్థంలో మాత్రం ఫర్దర్ ఒక్కటే, 'ఫర్దర్ డీటెయిల్స్' అంటాం చూడండి, అక్కడ ఫార్దర్ పెట్టకండి. తర్వాతి ప్రశ్న?