గారడీవాడు చూసిన సినిమా

అందరికీ నమస్కారం.

బ్రిటిష్ సినిమా పుట్టుక అనగానే సినిమా యంత్రాలు తయారుచేసిన రాబర్ట్ పాల్ పేరు వస్తుంది. ఆయన చేసిన బొమ్మలాడించే యంత్రాన్ని కొని జనం ముందుకు తెచ్చిన డేవిడ్ డెవంట్‌ను మాత్రం సినిమావాళ్లు పెద్దగా తలుచుకోరు. లండన్‌లో 1868లో పుట్టాడు. వృత్తి ఇంద్రజాలం, దాని మీద పుస్తకాలూ రాశాడు.

1896 ఫిబ్రవరిలో లండన్ రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో ఫ్రాన్స్‌కు చెందిన లూమియేర్ సోదరుల కదిలే బొమ్మలు ఆడాయి. ఆడించిన ఫెలిసియన్ ట్రివీ కూడా రంగస్థలం మనిషే, చేతి నీడలాటలో దిట్ట. ఆ ఆట చూసిన డెవంట్, తాను పనిచేసే లండన్ ఇంద్రజాల ప్రదర్శనశాల ఈజిప్షియన్ హాల్‌ను నడిపే మాస్కెలిన్ వెంటపడ్డాడు, ఆ యంత్రాన్ని మన హాల్‌కూ తెద్దామని. ట్రివీ దానికి వారానికి 100 పౌండ్ల అద్దె అడిగాడు. ఈ మోజు ఎన్నాళ్లులే అని మాస్కెలిన్ పెదవి విరిచాడు. డెవంట్ ఊరుకోలేదు. పాల్ తయారుచేసిన థియేట్రోగ్రాఫ్ అనే ప్రొజెక్టర్‌ను తన సొంత 100 పౌండ్లు పోసి కొనేశాడు! ట్రివీ ఒక్క వారానికి అడిగిన సొమ్ముకి యంత్రమే చేతికొచ్చింది. మార్చిలోనే అదే హాల్లో బొమ్మలు కదిలాయి.

ఆ ఏడాదే పాల్ డెవంట్ మీద కొన్ని బుల్లి చిత్రాలు తీశాడు. నిమిషం కూడా ఉండవు. ఒకదాంట్లో డెవంట్ నోట్లోంచి గుడ్డు తర్వాత గుడ్డు తీస్తాడు. ఇంకోదాంట్లో మడతలు పెట్టిన ఒకే కాగితాన్ని విప్పుతూ, తిప్పుతూ రకరకాల ఆకారాలు చేస్తాడు. ప్యారిస్ ఇంద్రజాలికుడు మెలియేస్ కూడా 1897లో ఆయన మీద ఓ చిత్రం తీశాడు.

అక్కడితో దాదాపు సరి. మెలియేస్ సినిమాలోకి దూకేశాడు, డెవంట్ వేదిక వదల్లేదు. ముందుచూపు లేకనా? అందరికంటే ముందు జేబు ఖాళీ చేసుకున్న మనిషిని ఆ మాట ఎలా అంటాం? నాకు తోచేది వేరు. మెలియేస్ 1896లోనే తెరమీద ఒక స్త్రీని మాయం చేశాడు. కెమెరా ఆపి, ఆమెను పక్కకు పంపి, మళ్లీ తిప్పితే చాలు. చేతివాటంతో పనేముంది? ఏళ్ల తరబడి వేళ్లకు నేర్పుకున్న విద్యకు అక్కడ గిరాకీ లేదు.

1905లో డెవంట్ ‘మాస్కాట్ మాత్’ అనే ఆట కట్టాడు. చిమ్మట వేషం వేసిన అమ్మాయి, ఆయన కొవ్వొత్తితో దగ్గరికి రాగానే నిలబడ్డచోటే మాయమవుతుంది. పెట్టె లేదు, తెర అడ్డం లేదు. మెలియేస్ కెమెరా ఆపి చేసిన పనిని ఈయన జనం కళ్లెదుటే, ఏదీ ఆపకుండా చేశాడు.