తియావు ఒడ్డున పిడికెడు బియ్యం

సభకు నమస్కారం.

ఈశాన్యంలో మిజోరం అనే రాష్ట్రం ఉందని చిన్నప్పుడు బడిలో అందరం చదువుకున్నాం. 2021 నుంచి అక్కడి ఊళ్లు మోస్తున్న బరువు గురించి మాత్రం మన పత్రికల్లో పెద్దగా రాలేదు. ఈ సాయంత్రం మీతో ఆ సంగతే మాట్లాడాలనుకుంటున్నాను.

2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకుంది. నెల తిరిగేసరికి కొందరు పోలీసులు సరిహద్దు దాటి మిజోరంలోకి వచ్చారు. నిరసన చేస్తున్న జనం మీద కాల్చమంటే కాల్చలేక పారిపోయి వచ్చినవాళ్లు వాళ్లు. వాళ్ల వెనకాలే, సరిహద్దుకు ఆనుకుని మయన్మార్‌లో ఉన్న చిన్ రాష్ట్రం నుంచి మామూలు జనం పిల్లాపాపలతో బయల్దేరారు. మిజోరంకు మయన్మార్‌తో 510 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. అందులో కొంత మేర ఎల్లగా ఉన్నది తియావు అనే నది. ఆ ఏడాది అక్టోబరులో చిన్ రాష్ట్రంలోని థాంట్లాంగ్ పట్టణంలో ఒక్క దాడిలో 160కి పైగా ఇళ్లు తగలబడ్డాయి. దాదాపు పదివేల మంది ఉండే ఆ ఊరు అప్పటికే చాలా వరకు ఖాళీ అయిపోయింది.

అలా మిజోరం చేరినవాళ్ల సంఖ్య తర్వాతి ఏళ్లలో 30 వేలు దాటింది. మనకు చిన్న సంఖ్యలాగే వినిపిస్తుంది. కానీ 2011 లెక్కల ప్రకారం మిజోరం మొత్తం జనాభా 11 లక్షల లోపే. అదే నిష్పత్తిని ఆంధ్రప్రదేశ్‌కు వేసి చూడండి, పదమూడు లక్షల మందికి పైగా తేలతారు. పైగా అక్కడితో ఆగలేదు. 2022 నవంబరు నుంచి బంగ్లాదేశ్ కొండల్లోని బామ్ తెగవాళ్లు రావడం మొదలైంది. 2023 మే నెలలో మణిపూర్ భగ్గుమన్నాక అక్కడి నుంచి కుకీ-జో తెగల జనం 12 వేలకు పైగా వచ్చి చేరారు.

వీళ్లందరినీ ఆదుకున్న ఊళ్ల పరిస్థితి ఏమిటో చూద్దాం. మిజోరంలో పండే వరి మిజోరంకే చాలదు. కొండవాలు కొట్టి, కాల్చి చేసే పోడు సేద్యం మీద బతికే కుటుంబాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. ప్రభుత్వ ఖజానాలో అధిక భాగం ఢిల్లీ నుంచి రావాల్సిందే. శరణార్థులు రావడం మొదలైన 2021 సంవత్సరమే తీసుకోండి. కోవిడ్ ఉంది. అదే మార్చిలో లుంగ్లే జిల్లాలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడింది. ఆ ఒక్క ఏడాదిలోనే 30 వేలకు పైగా పందులు చచ్చిపోయాయి. మిజో పల్లెలో పంది అంటే ఆ ఇంటి బ్యాంకు. పిల్లల చదువుకో, పెళ్లికో, ఆస్పత్రికో అవసరం వస్తే అమ్ముకునేది దాన్నే. జూలై 26న అస్సాం సరిహద్దు దగ్గర రెండు రాష్ట్రాల పోలీసుల మధ్య కాల్పులు జరిగాయి. ఆ తర్వాత చాలా రోజుల పాటు అస్సాం వైపు నుంచి సరుకుల లారీలు కదల్లేదు. ఆ రోడ్డు ఆగితే రాజధాని ఐజోల్‌లో మందులు కూడా దొరకవు.

ఆ ఏడాదే ఆ రాష్ట్రం తలుపు తెరిచింది.

తెరవొద్దని పైనుంచి స్పష్టంగా చెప్పారు. 2021 మార్చి 10న కేంద్ర హోం శాఖ సరిహద్దు రాష్ట్రాలకు లేఖ రాసింది. అక్రమ ప్రవేశాలను అడ్డుకోండి, ఎవరినైనా శరణార్థులుగా గుర్తించే అధికారం రాష్ట్రాలకు లేదు, శరణార్థులపై 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందంలో భారత్ చేరలేదు అన్నది దాని సారాంశం. వారం తర్వాత, మార్చి 18న, అప్పటి ముఖ్యమంత్రి జోరంథంగా ప్రధానికి లేఖ రాశారు. అవతల ఉన్నవాళ్లు మా రక్తసంబంధీకులు, వాళ్ల కష్టాన్ని చూస్తూ ఊరుకోవడం మాకు కుదరదు అని అందులో చెప్పారు. ఆగస్టు చివర్లో, వచ్చినవాళ్ల పిల్లల్ని ప్రభుత్వ బడుల్లో చేర్చుకోమని రాష్ట్ర విద్యాశాఖ ఆదేశాలిచ్చింది.

దీని వెనక ఒక చరిత్ర ఉంది. మిజో కొండల్లో దాదాపు 48 ఏళ్లకోసారి వెదురు పూస్తుంది. ఆ కాయలు తిని ఎలుకలు విపరీతంగా పెరుగుతాయి, ఆ తర్వాత పొలాల మీద పడతాయి. 1959లో అలా వచ్చిన కరువులో ప్రభుత్వం సరిగా పట్టించుకోలేదన్న కోపమే ముదిరి 1966లో తిరుగుబాటు అయింది. ఆ మార్చి 5న ఐజోల్ మీద మన వైమానిక దళమే బాంబులు వేసింది. మరుసటి ఏడాది నుంచి ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించి, జనాన్ని రోడ్ల పక్కన కాపలా మధ్య కుదించారు. తిరుగుబాటు సాగిన ఆ ఇరవై ఏళ్లలో ఎందరో మిజోలు ఇదే సరిహద్దు దాటి అవతలి చిన్ కొండల్లో తలదాచుకున్నారు. జోరంథంగా కూడా ఆ తిరుగుబాటు నుంచి వచ్చిన మనిషే. అప్పుడు తమవాళ్లకు అన్నం పెట్టిన ఊళ్ల పేర్లు చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అయితే జ్ఞాపకం ఒక్కటే అన్నం పెట్టదు. రాత్రికి రాత్రి ఊరికి వందల మంది వచ్చి పడితే ఎక్కడ పడుకోబెట్టాలి, ఎవరు వండాలి, ఎవరు లెక్క రాయాలి? ఈ ప్రశ్నలకు మిజో ఊళ్లలో జవాబు ముందే సిద్ధంగా ఉంది. నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించింది అదే. 1935లో మొదలైన యంగ్ మిజో అసోసియేషన్ అనే యువజన సంఘానికి దాదాపు ప్రతి ఊళ్లో శాఖ ఉంటుంది. ఎవరైనా చనిపోతే సమాధి తవ్వేది వాళ్లే, ఆ ఇంట్లో రాత్రంతా తోడు కూర్చునేదీ వాళ్లే. అడవిలో ఎవరైనా తప్పిపోతే వెతకడానికి కదిలేదీ వాళ్లే. దానికి తోడు చర్చిలో వందేళ్లకు పైగా సాగుతున్న బుహ్‌ఫాయ్ థామ్ ఉంది. పూట పూటా వంటకు బియ్యం తీసేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు పక్కన పెడుతుంది, దాన్ని పోగుచేసి చర్చి పనులకు వాడతారు. ఇంత బీద ఇంట్లో కూడా ప్రతి పూటా ఒక పిడికెడు బయటివాళ్లదే అన్న అలవాటు ఉన్నప్పుడు, బయటివాళ్లు నిజంగానే వచ్చి గుమ్మంలో నిలబడితే చేయి ఆగదు. వెదురు నరికి గుడారాలు కట్టారు. బియ్యం, కూరగాయలు, కట్టెలు, దుప్పట్లు ఇంటింటా పోగుచేశారు.

2023 నవంబరు మధ్యలో నది అవతల సైనిక శిబిరాల మీద తిరుగుబాటు దళాలు దాడిచేసినప్పుడు, జోఖావ్‌థర్ అనే సరిహద్దు గ్రామానికి రెండు రోజుల్లో దాదాపు 5 వేల మంది వచ్చారు. ఊళ్లో ఉన్న సొంత జనం కంటే ఎక్కువ. మయన్మార్ సైనికులు కూడా ఇటు వచ్చి మిజోరం పోలీసులకు లొంగిపోయారు. 2025 జూలైలో అవతలి తిరుగుబాటు దళాల మధ్యే కొట్లాట జరిగినప్పుడు మళ్లీ వేల మంది అదే ఊరికి చేరారు.

ఇక్కడ ఇంకో వైపు కూడా చెప్పకపోతే మీకు అన్యాయం చేసినవాణ్ణి అవుతాను. 2003లో ఐజోల్‌లో జరిగిన ఒక ఘోరమైన నేరం తర్వాత, ఇదే యువజన సంఘం పూనుకుని చిన్ కూలీలను వేల సంఖ్యలో వెళ్లగొట్టింది. 1997లో బ్రూ తెగవాళ్లు మిజోరం వదిలి త్రిపురకు పారిపోయి, ఇరవై ఏళ్లకు పైగా శిబిరాల్లో మగ్గారు. వాళ్ల పునరావాసానికి ఒప్పందం కుదిరింది 2020 జనవరిలో. కాబట్టి మన రక్తం అన్న మాట తెరిచే తలుపులు ఉన్నాయి, మూసే తలుపులూ ఉన్నాయి. బంధుత్వాన్ని మెచ్చుకునేటప్పుడు ఆ బంధుత్వంలోకి రానివాళ్ల సంగతేమిటని అడగడం మన బాధ్యత.

అలసట కూడా వచ్చింది. ఏళ్లు గడిచేకొద్దీ కూలి రేట్లు పడిపోతున్నాయనీ, మత్తుమందుల రవాణా పెరిగిందనీ ఫిర్యాదులు వినిపిస్తున్నాయి. శరణార్థులు దుకాణాలు పెట్టకూడదని తీర్మానించిన సరిహద్దు గ్రామాలున్నాయి. ఆ తీర్మానాలు నాకు నచ్చవు. కానీ ఆ ఊరివాళ్లను తప్పుపట్టే ముందు ఒకటి ఆలోచించాలి. దేశమంతా కలిసి మోయాల్సిన బరువును కొన్ని పల్లెల నెత్తిన పెట్టి, మీ మంచితనం అమోఘం అని పొగిడి వెళ్లిపోతే, ఆ పల్లెలు ఎన్నాళ్లని నిలబడతాయి? పేదవాడి ఉదారతను చూపించి ఉన్నవాడు తప్పుకోవడం దుర్మార్గం.

మనకూ దీనితో సంబంధం లేకపోలేదు. 1942లో జపాన్ దాడికి బర్మా, అంటే ఇప్పటి మయన్మార్, నుంచి కాలినడకన వచ్చిన లక్షల మందిలో తెలుగువాళ్లు ఎందరో. అక్కడి సైనిక పాలకుడు నే విన్ ప్రభుత్వం 1964లో వ్యాపారాలను జాతీయం చేశాక ఓడలెక్కి తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు అలా మిగిలిందే. మన ముత్తాతలు దిగినచోట ఎవరో జాగా ఇచ్చారు.

ఇప్పుడు పనిలోకి వద్దాం. మన దేశంలో శరణార్థుల కోసం ప్రత్యేక చట్టం లేదు. అది రావాలి, అయితే రేపే రాదు. అప్పటిదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. ఆహార భద్రతా చట్టం కింద రాష్ట్రాలకిచ్చే చవక బియ్యానికి ఆధారం 2011 జనాభా లెక్కలు. ఆ లెక్కల్లో ఈ 30 వేల మంది లేరు, మణిపూర్ నుంచి వచ్చి తలదాచుకున్న మన సొంత పౌరులు మిజోరం వాటాలో లేరు. వీళ్లందరి కోసం కేంద్రం అదనంగా బియ్యం కేటాయించవచ్చు. 2025 జూలైలో మిజోరంలో శరణార్థుల వేలిముద్రలు, వివరాలు తీసుకోవడం మొదలుపెట్టారు. పేర్లు రాసుకోవడం చేతనైనప్పుడు, ఆ పేర్లకు బియ్యం పంపడమూ చేతనవ్వాలి.

లోక్‌సభకు మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి 42 మంది వెళ్తారు. మిజోరం నుంచి వెళ్లేది ఒక్కరు. ఈ అదనపు బియ్యం గురించి సభలో ప్రశ్న వేయమని మన ఎంపీకి ఒక వినతిపత్రం రాశాం. అది గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. చదవండి, దిద్దాల్సింది ఉంటే దిద్దండి, ఒప్పుకుంటే సంతకం చేయండి. ఈ వారంలోనే తీసుకెళ్లి ఇస్తాం. మాతో వచ్చేవాళ్లు పేరు చెప్పండి.