ప్లేటులో మూడు, టేబుల్ దగ్గర నలుగురం: జూబ్లీహిల్స్‌లో చైనీస్ స్మాల్ ప్లేట్స్ రివ్యూ

నమస్తే అండి. ఈ రోజు వీడియో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో కొత్తగా తెరిచిన ఒక చైనీస్ రెస్టారెంట్ గురించి. పేరు చెప్పను. మాకు ఎదురైన ఇబ్బందులు ఒక్క రాత్రివి, ఆ ఒక్క రాత్రి చూసి వాళ్ళ పేరు పాడు చేయడం నాకు ఇష్టం లేదు. కానీ ఇలా చిన్న చిన్న ప్లేట్లు తెప్పించుకుని అందరూ పంచుకుని తినే చోట్లు ఇప్పుడు మన దగ్గర చాలా వచ్చాయి కాబట్టి, మీరు ఎక్కడికి వెళ్ళినా ఇది పనికొస్తుంది.

అమ్మ, తమ్ముడు, మరదలు, నేను, మొత్తం నలుగురం వెళ్ళాం. చైనీస్ అంటే మనందరికీ మంచూరియా, ఫ్రైడ్ రైస్, అంతే కదా. ఆ చికెన్ మంచూరియా 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ అనే వంటాయన మొదలుపెట్టిందని చెబుతారు, అంటే అది ఇక్కడే పుట్టింది. నాకు అది ఇప్పటికీ ఇష్టమే. ఈ రెస్టారెంట్‌లో మాత్రం మెనూలో ఎక్కువగా చైనాలోని కాంటన్, సిచువాన్ ప్రాంతాల వంటలు, మంచూరియా లేదు.

ముందు హార్ గౌ, అంటే పిండి పొరలో రొయ్య పెట్టి ఆవిరికి ఉడికించే డంప్లింగ్. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే వంటవాడి చేయి తెలిసేది ఇక్కడే. పైన పొర లోపలి రొయ్య గులాబీ రంగు బయటికి కనిపించేంత పల్చగా ఉండాలి. గోధుమల నుంచి తీసిన గంజిపిండిలో కొంచెం కర్రపెండలం పిండి కలిపి (మన సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం చేసేది కూడా కర్రపెండలంతోనే) మరిగే నీళ్ళు పోసి కలిపితే ఆ మెరుపు వస్తుంది. ఒక పక్క మడతలు కనీసం ఏడైనా ఉండాలంటారు. నేను లెక్కపెట్టాను, తొమ్మిది ఉన్నాయి. అమ్మ దాన్ని ప్లేటులో అటూ ఇటూ తిప్పి చూసి "కజ్జికాయ అంచు మెలిపెట్టినట్టే ఉందే" అంది. మా అమ్మది భీమవరం, రొయ్య విషయంలో ఆవిడ మాటే నాకు చివరి మాట. కొరకగానే "మెత్తబడలేదు, కటుక్కుమంది, మంచి రొయ్యే" అంది. ఆ ఒక్క ప్లేటు కోసం నేను మళ్ళీ వెళ్తాను.

కానీ ప్లేటులో వచ్చేది మూడే, మేమేమో నలుగురం. పంచుకుని తినే భోజనం అని మెనూలో మీరే రాసినప్పుడు, టేబుల్ దగ్గర ఎంతమంది ఉన్నారో చూసి ఒక ముక్క కలిపి ఇవ్వచ్చు కదా, దానికి డబ్బులు తీసుకున్నా సరే. అడిగితే కుదరదన్నారు. మా మరదలు నాకొద్దులే అంది, అమ్మ తన దాంట్లో సగం తీసి పెట్టబోయింది, చివరికి 595 పెట్టి ఇంకో ప్లేటు చెప్పాం. అందరం ఒకేసారి కొరికి ఒకరి మొహాలు ఒకరం చూసుకునే సరదా అక్కడ పోయింది. నాకు నిజంగా బాధ అనిపించింది ఇదే.

ఇక మాపో టోఫు, అంటే సోయా పనీర్ ముక్కలతో చేసే కారం కూర. సిచువాన్‌లోని చెంగ్డూ నగరంలో పుట్టిన వంట, మొహం మీద మచ్చలున్న ఒక అవ్వ చేసేదట, ఆ పేరే దీనికి ఉండిపోయింది. గిన్నె రాగానే అమ్మ వాసన చూసి "కొరివికారంలా ఉంది" అంది. నిజమే, ఇందులో వేసే దోబాన్‌జాంగ్ కూడా పండుమిరపకాయలతో పెట్టే నిల్వ పచ్చడి లాంటిదే. మనం చింతపండు వేస్తే వాళ్ళు ఒక రకం పెద్ద చిక్కుడు గింజలు వేసి, ఉప్పుతో జాడీల్లో ఎండకు పెట్టి, కలుపుతూ నెలల తరబడి ఊరబెడతారు. దాని మీద సిచువాన్ మిరియం పొడి చల్లారు. పేరుకే మిరియం, అది నిమ్మ కుటుంబంలోది. నాలుక మీద పడగానే కారం కాదు, జివ్వుమని ఒక తిమ్మిరి, పెదాల దాకా పాకుతుంది. మా తమ్ముడు కంగారుపడి నీళ్ళు తాగాడు, దాంతో ఆ జివ్వు ఇంకా తెలిసింది. కంగారేం లేదు, కాసేపటికి అదే పోతుంది. అమ్మ తెల్లన్నం తెప్పించుకుని, చెంచా పక్కన పెట్టి, చేత్తో కలుపుకుని తింది. దీన్ని తినాల్సింది అలాగే అన్నంతోనే, ఉత్తదే తింటే ఉప్పు ఎక్కువనిపిస్తుంది.

లాజీజీ అని ఎండుమిరపకాయల కుప్పలో చికెన్ ముక్కలు దాచి ఇస్తారు. మనం ఊరమిరపకాయ నంజుకున్నట్టు ఆ మిరపకాయలు నమలకండి, అవి వాసన కోసం మాత్రమే. ముక్క కరకరలాడింది, బాగుంది. ముల్లంగి కేకు నూనె కారింది, వద్దు. దాన్ దాన్ నూడుల్స్ పర్వాలేదు.

సూప్ డంప్లింగ్ దగ్గర అసలు పొరపాటు జరిగింది. వీటిలో సూప్ ఎలా వస్తుందంటే, చికెన్ రసం చిక్కగా మరిగించి చల్లార్చితే జున్నులా గడ్డకడుతుంది, దాన్ని కొట్టి లోపల పెట్టే కూరలో కలిపి పొరలో చుడతారు, ఆవిరికి అది మళ్ళీ కరుగుతుంది. అంటే వేడిగా ఉన్నప్పుడే తినాలి. చెంచాలో పెట్టుకుని, పక్కన చిన్న కన్నం కొరికి, ముందు రసం పీల్చి తర్వాత మిగతాది. కానీ మేం చెప్పిన వాటిలో ఆరు ప్లేట్లు పది నిమిషాల్లో ఒకేసారి తెచ్చి పెట్టేశారు, టేబుల్ మీద చేయి పెట్టే చోటు లేదు. దాని వంతు వచ్చేసరికి పొర బుట్ట అడుగు కాగితానికి అంటుకుని చిరిగి, రసం అంతా కిందే మిగిలింది. వండినవాళ్ళ తప్పు కాదు, వాళ్ళు ఎంతో ఓపికగా చేసిన పని అది. వడ్డించే తీరు వల్ల పాడైంది. అందుకే మీరు వెళ్తే మొత్తం ఒకేసారి చెప్పకండి, రెండు ప్లేట్లు చెప్పి, అవి తిన్నాక మిగతావి చెప్పండి. వెయిటర్ తొందరపెట్టినా సరే.

బిల్లు 4,850. దాని మీద పది శాతం సర్వీస్ ఛార్జ్ వాళ్ళే వేసేశారు. ఇది తప్పనిసరి కాదండి. 2022 జులైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ అలా బిల్లులో కలపకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది కూడా. మర్యాదగా అడిగాను, తీసేశారు. తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. ఐదు శాతం జీఎస్టీ కలిపి 5,092 కట్టి, మాకు వడ్డించిన కుర్రాడికి టిప్ విడిగా చేతికిచ్చాం.

ఇద్దరు వెళ్తే నా లెక్క ఇది: ముందు హార్ గౌ ఒక్కటే చెప్పండి, వేడిగా తినేయండి, తర్వాత మాపో టోఫు, ఒక తెల్లన్నం. జీఎస్టీతో కలిపి 1,550 లోపే అవుతుంది. మూడో డంప్లింగ్ ఎవరిదో ముందే మాట్లాడుకోండి.