పాత ఎంజీబీ కారు, దాని కరెంటు కష్టాలు

శ్రోతలందరికీ నమస్కారం.

పాత స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లు కరెంటు సమస్య గురించి చెప్పే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. నిన్న వెలిగిన లైటు ఇవాళ వెలగలేదంటారు. వాన పడితే ఇండికేటర్ ఆగిపోతుంది, ఎండ కాస్తే మళ్లీ పనిచేస్తుందంటారు. బ్రేకు తొక్కితే ఇంకెక్కడో లైటు వెలుగుతోందంటారు. వింటే కారుకి దయ్యం పట్టిందేమో అనిపిస్తుంది. టెన్షన్ పడి బ్యాటరీ మారుస్తారు, కరెంటు పుట్టించే డైనమో మారుస్తారు, ఆఖరికి వైరింగ్ అంతా పీకించేస్తారు. డబ్బు పోతుంది గానీ రోగం కుదరదు. ఎందుకంటే ఈ కార్లలో తప్పు ఎక్కువగా సామాన్లలో ఉండదు. ఆ సామాన్లను కలిపే అతుకుల్లో ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోవడం ఎలాగో ఇవాళ ఒక కారును ముందు పెట్టుకుని చెబుతాను.

ఆ కారు ఎంజీబీ. ఇంగ్లండులోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా తయారైంది. ఐదు లక్షలకు పైగా బయటికొచ్చాయి. మన రోడ్ల మీద దీన్ని చూసినవాళ్లు తక్కువే, కానీ దీని ఇంజను కుటుంబం మనకు పరిచయమే. ఎంజీబీలో ఉన్నది 1798 సీసీ బి సిరీస్ ఇంజను. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజను దానికి తోబుట్టువు. ఎలక్ట్రికల్ సామాన్లు ఇచ్చింది బర్మింగ్‌హామ్‌లోని లూకాస్ కంపెనీ. అదే లూకాస్ 1961లో టీవీఎస్ వాళ్లతో కలిసి మద్రాసులో లూకాస్ టీవీఎస్ పెట్టింది. అంబాసిడర్ వైరింగ్ మీద చేయి తిరిగిన ఆటో ఎలక్ట్రీషియన్‌కి ఎంజీబీ బానెట్ ఎత్తితే కొత్తగా ఏమీ అనిపించదు.

లూకాస్‌ని చీకటి రాజు అని ఆటపట్టించడం ఇంగ్లీషు వాళ్లకు పాత అలవాటు. నాకది న్యాయంగా అనిపించదు. యాభై ఏళ్లు వానలో, బురదలో తిరిగిన ఇత్తడి చిలుము పట్టకుండా ఎలా ఉంటుంది? ఆ చిలుమును ఎవరూ గీకి శుభ్రం చేయలేదు, నింద మాత్రం కంపెనీ మీద వేశారు.

ముందు వైర్ల రంగులు తెలియాలి. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో చాలావాటికి ఒక పద్ధతి ఉంది, అది తెలిస్తే సగం పని అయినట్టే. గోధుమ రంగు వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. తాళం తిప్పినా తిప్పకపోయినా అది బ్యాటరీతోనే ఉంటుంది, మధ్యలో ఫ్యూజు ఉండదు. తెలుపు వైరులోకి తాళం తిప్పాక కరెంటు వస్తుంది, దానికీ ఫ్యూజు లేదు. అదే కరెంటు ఫ్యూజు దాటాక ఆకుపచ్చ వైరులోకి వెళుతుంది. ఊదా రంగులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది గానీ, అది ఫ్యూజు దాటి వచ్చింది. ఎరుపు సైడు లైట్లకి, నీలం హెడ్‌లైట్లకి, నలుపు ఎర్త్‌కి, అంటే కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారికి. వైరు మీద ఇంకో రంగు గీత ఉంటే అది ఏ లైటుకి, ఏ స్విచ్చికి వెళుతోందో చెబుతుంది. ఆకుపచ్చ మీద ఎర్ర గీత ఎడమ ఇండికేటర్‌ది, తెల్ల గీత కుడి ఇండికేటర్‌ది, ఊదా గీత బ్రేకు లైటుది. తొలినాటి ఎంజీబీలో ఉన్నవి రెండే ఫ్యూజులు. అంటే హెడ్‌లైట్ల వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే కాపాడేది ఏదీ లేదు. అందుకే పని మొదలుపెట్టే ముందు వేళ్లకున్న ఉంగరాలు, చేతి గడియారం తీసేయండి. బ్యాటరీ వైరు ఊడదీయాల్సి వస్తే ముందు ఎర్త్ వైరు తీయాలి, బిగించేటప్పుడు దాన్ని ఆఖరున బిగించాలి.

ఇంకో జాగ్రత్త. 1967 వరకు వచ్చిన ఎంజీబీలలో బ్యాటరీ పాజిటివ్ కొన బాడీకి కలిపి ఉంటుంది. ఆ తర్వాత డైనమో పోయి దాని పని చేసే ఆల్టర్నేటర్ వచ్చినప్పుడు నెగటివ్‌ని ఎర్త్ చేశారు. పాత కార్లను మధ్యలో ఎవరైనా మార్చి ఉండొచ్చు కూడా. సీట్ల వెనకున్న మూత తీసి, ఏ కొన బాడీకి వెళుతోందో కళ్లారా చూసి తీరాలి. అక్కడ ఒకటి కాదు, ఆరేసి వోల్టుల బ్యాటరీలు రెండు కనిపించవచ్చు, 1970ల మధ్య దాకా అలాగే ఇచ్చారు. ఆ రెంటినీ కలిపే వైరు కూడా ఒక అతుకే.

ఇక అసలు సంగతికి వద్దాం. హెడ్‌లైటు మసగ్గా వెలుగుతోంది. వోల్టులు కొలిచే మీటరు తెచ్చి, బల్బు తీసి, వైరు కొన దగ్గర చూస్తే పన్నెండు వోల్టులు చూపిస్తుంది. కరెంటు బాగానే వస్తోంది, బల్బే పోయింది అనుకుంటారు. ఇక్కడే మోసపోయేది. గొట్టం లోపల పాచి పట్టినా, కుళాయి కట్టేసి ఉన్నంతసేపు నీటి ఒత్తిడి నిండుగానే ఉంటుంది, తిప్పితే గానీ సన్నధార బయటపడదు. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు పన్నెండు చూపిస్తుంది. కాబట్టి బల్బు పెట్టి, లైటు వేసి, అది వెలుగుతున్నప్పుడే కొలవాలి.

మీటరు ఒక మొన బ్యాటరీ ఎర్త్ కొన మీద, రెండోది ఆ లైటు నల్ల వైరు మీద పెట్టండి. అర వోల్టు కన్నా బాగా తక్కువ, వోల్టులో ఒక పదో వంతో రెండు పదో వంతులో చూపిస్తే ఎర్త్ బాగున్నట్టు. ఒక వోల్టు చూపించిందా, దొంగ దొరికినట్టే. తర్వాత బ్యాటరీ రెండో కొన నుంచి బల్బుకి కరెంటు వచ్చే వైపు కూడా ఇలాగే చూడాలి. అక్కడ ఎక్కువ వోల్టులు పోతుంటే అతుకు అతుకుకీ మొన జరుపుకుంటూ రండి. ఏ అతుకు దగ్గర అంకె ఒక్కసారి ఎగిరితే తప్పు అక్కడే. ఇంత శ్రమ దేనికంటే, బల్బుకి అందే వోల్టులు పదోవంతు తగ్గితే వెలుగు దాదాపు మూడోవంతు తగ్గిపోతుంది. రాత్రి ప్రయాణంలో అది చాలా పెద్ద తేడా.

ఎంజీబీలో రేడియేటర్ దగ్గర, డిక్కీలో నల్ల రబ్బరు తొడుగులు గుత్తులుగా కనిపిస్తాయి. ఒక్కో తొడుగులో చిన్న ఇత్తడి గొట్టం ఉంటుంది, రెండు వైపుల నుంచి గుండు మొనలున్న వైర్లు అందులోకి దూరతాయి. లాగి చూడండి. బాగున్న మొన బిగువుగా వస్తుంది, మెరుస్తుంది. పాడైన మొన దానంతటదే జారి వస్తుంది, దాని మీద పచ్చటి చిలుము, లోపల తెల్లటి పొడి ఉంటాయి. సన్న ఎమరీ కాగితంతో రుద్ది, వదులైన గొట్టాన్ని మార్చి, కొంచెం గ్రీజు రాసి పెడితే సరిపోతుంది. గాజు ఫ్యూజు పట్టుకునే క్లిప్పులనూ ఇలాగే శుభ్రం చేయండి. పది నిమిషాలు లైట్లు వేసి ఉంచి అతుకులను తాకి చూడండి, వేడెక్కిన చోట కరెంటు వృథా అవుతున్నట్టే.

బ్రేకు తొక్కితే ఇంకెక్కడో లైటు వెలగడం గురించి మొదట్లో చెప్పాను కదా. వెనక లైటులో ఒకే బల్బులో రెండు తీగలు ఉంటాయి, పెద్దది బ్రేకుకి, చిన్నది సైడు లైటుకి. రెంటికీ ఎర్త్ ఒక్కటే. ఆ ఎర్త్ తెగిందనుకోండి. బ్రేకు కరెంటు పెద్ద తీగ దాటి వచ్చి, బయటికి దారి లేక చిన్న తీగలోకి వెనక్కి నడుస్తుంది. ఎర్ర వైరు పట్టుకుని మిగతా సైడు లైట్ల గుండా ఎర్త్‌కి చేరుతుంది. అందుకే అవన్నీ మినుకుమంటాయి. ఒక లైటు వేస్తే ఇంకోటి స్పందించినప్పుడల్లా ముందు నల్ల వైరునే చూడండి.

దీనికంటే ప్రమాదమైనది ఇంకోటి ఉంది. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి దానికి, బాడీకి మధ్య మందపాటి ఎర్త్ పట్టీ బిగిస్తారు. ఇంజను దించి ఎక్కించినప్పుడు దాన్ని మళ్లీ బిగించడం మర్చిపోతుంటారు. అప్పుడు సెల్ఫ్ కొడితే వంద ఆంపియర్లు దాటిన కరెంటు చోక్ కేబుల్ గుండా, యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది, చోక్ కేబుల్ కాలిపోయేంత వేడెక్కుతుంది, పొగ కూడా వస్తుంది. సెల్ఫ్ మోటారు పాడైందని మారుస్తారు, కొత్తదీ అలాగే తిరుగుతుంది. పరీక్ష సులువే. ఇంజనుకి నిప్పురవ్వ ఇచ్చే కాయిల్‌కి వచ్చే తెల్ల వైరు తీసేయండి, ఇంజను స్టార్ట్ అవదు. మీటరు ఒక మొన ఇంజను మీద, ఇంకోటి బ్యాటరీ ఎర్త్ కొన మీద పెట్టి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటితే పట్టీ చూసుకోవాలి.

రాత్రి పెట్టిన కారు పొద్దున్నే కదలకపోతే బ్యాటరీని నిందించే ముందు ఒక చిన్న బల్బు తీసుకోండి. తాళం, లైట్లు అన్నీ ఆపి, తలుపులు మూసి, బ్యాటరీ ఎర్త్ వైరు ఊడదీసి, ఆ వైరుకి, బ్యాటరీ కొనకి మధ్య బల్బు కలపండి. వెలిగిందంటే ఎక్కడో కరెంటు కారిపోతోంది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ చూడండి, ఏది తీసినప్పుడు బల్బు ఆరితే ఆ దారిలోనే తప్పుంది. ఏ ఫ్యూజు తీసినా ఆరకపోతే ఆల్టర్నేటర్ ప్లగ్గు పీకండి. కరెంటును ఒకే వైపు పోనిచ్చే లోపలి డయోడు చెడితే అది రాత్రంతా బ్యాటరీని తాగేస్తుంది. బల్బు అసలు వెలగకపోతే అప్పుడు బ్యాటరీని చూడాలి. ఛార్జి చేసి, కొన్ని గంటలు వదిలేసి కొలిస్తే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఆల్టర్నేటర్ ఉన్న కారైతే, ఇంజను కాస్త వేగంగా తిరిగేటప్పుడు పద్నాలుగుకు అటూ ఇటూ చూపించాలి. ఈ రెండూ సరిగ్గా ఉంటే బ్యాటరీ కొనే డబ్బు మిగుల్చుకోండి.

ఉంటాను, నమస్కారం.