ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని తుక్కుకి వెయ్యకండి

అందరికీ నమస్కారం. పెద్దల పేర్లన్నీ చెబితే నాకిచ్చిన పది నిమిషాలూ అందులోనే అయిపోతాయి, ఏమీ అనుకోకండి. కార్యదర్శి గారు హ్యామ్ రేడియో గురించి, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా సొంత రేడియోతో మాట్లాడుకునే హాబీ గురించి చెప్పమన్నారు. నేను ఒక్క పెట్టె గురించే చెబుతాను.

గేట్స్ బీసీ-1టీ. ఇలినాయ్‌లోని క్విన్సీలో తయారైన ఒక కిలోవాట్ ఏఎం ట్రాన్స్‌మిటర్, అంటే రేడియో స్టేషన్లు ప్రసారానికి వాడిన పెట్టె, 1960ల నాటిది, మనిషి కంటే ఎత్తు. లోపల చిన్న సొరకాయలంత 833ఏ వాక్యూమ్ ట్యూబులు నాలుగు. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ వింటూ పెరిగినవాణ్ణి, అలాంటి పెట్టె ఇంట్లో ఉండాలని ఎప్పటి నుంచో కోరిక.

మొదటిది నాకు దక్కలేదు. ముందు రోజే ఆ స్టేషన్ వాళ్లకి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను, నాలుగు గంటలు డ్రైవ్ చేసి ట్రైలర్‌తో వెళ్లాను. చూస్తే ఖాళీ బీరువా! రాగి కోసం మాడ్యులేషన్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే మన మాటని రేడియో తరంగం మీదికి ఎక్కించే భాగం, కోసేశారు, చుట్ల మధ్య కాగితం నేలంతా చెల్లాచెదురుగా పడి ఉంది. ముందు రోజే చెప్పానండీ! ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పుడు ఏ షాపులోనూ దొరకదు.

రెండోదానికి ఆలస్యం చెయ్యలేదు. మెయిన్ ఆపేశాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత ఛార్జ్ ఉంటుంది, అందుకే ముందు ఎర్త్ చేసిన కర్రతో అన్నిటినీ తాకించాం. వెనకాల కూర్చున్న పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. పాత కెపాసిటర్లలో పీసీబీ అనే విషపు నూనె ఉండొచ్చు, 1979లో ఇక్కడ అమెరికాలో దాని తయారీ నిషేధించారు, కారుతుంటే ముట్టుకోవద్దు. ప్రతి వైరుకీ టేపు మీద నంబరు రాసి అంటించాం. బరువంతా ట్రాన్స్‌ఫార్మర్లదే, వాటిని విప్పి విడిగా ఎక్కించాం. ట్యూబులు దుప్పట్లో చుట్టి కారు సీట్లో బెల్టు పెట్టాను.

తలుపు లోపలి వైపు పెన్సిల్ రాతలు. ఏ ట్యూబు ఎప్పుడు మార్చారో ఎవరో ఇంజనీరు తేదీలు వేసుకుంటూ పోయాడు. అవి చూసి కాసేపు అక్కడే నిలబడిపోయాను. నేను మార్చిన తేదీలు ఇప్పుడు వాటి కిందే రాస్తున్నాను.

కాయిల్ చుట్లు తగ్గించి, హ్యామ్‌లు వాడే 160 మీటర్ల బ్యాండుకి తెచ్చాం. మనకి పరిమితి 1500 వాట్ల పీక్ పవర్, ఏఎంలో అంటే క్యారియర్, మాట ఎక్కించక ముందు ఉండే తరంగం, 375 వాట్లే, కాబట్టి ట్యూబులకిచ్చే ప్లేట్ వోల్టేజీ తగ్గించాలి. సర్క్యూట్ సంగతి అడిగితే తర్వాత చెబుతాను, టైమ్ అయిపోతోంది.

అసలు సంగతి ఇది. ఇంకో స్టేషన్ వాళ్లు తమ పాతదాన్ని వచ్చే సోమవారం తుక్కుకి ఇచ్చేస్తున్నారు. ట్రైలర్ నా దగ్గరుంది. శనివారం ఉదయం ఆరింటికి ఇద్దరు మనుషులు కావాలి. భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి.