ఆలస్యం ఘాట్‌లోనా, ఊళ్లోనా?

దృశ్యం: అలిపిరి. వెనక కొండ దిగుతున్న బస్సులు.

తిరుమలలో బస్సెక్కిన మామయ్య తిరుపతి బస్టాండుకి గంట లేటుగా చేరాడు. ఇరుక్కున్నది ఘాట్ రోడ్డులోనా, ఊళ్లో ట్రాఫిక్‌లోనా? బస్సు అలిపిరి ఎప్పుడు దాటిందో తెలిస్తే చాలు, మిగతాది తీసివేత. చెయ్యి సరిగ్గా ఆడని మనిషికి నరాల డాక్టర్లు వేసేదీ ఇదే లెక్క. మెదడు కొండ, మెడ అలిపిరి, చేతి కండరం బస్టాండు.

మరి పుర్రె విప్పకుండా పైనుంచి బస్సును బయల్దేరదీసేదెట్లా?

దృశ్యం: నెత్తికి ఆనించిన కాయిల్, ఎనిమిది అంకె ఆకారంలో.

1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంటొనీ బార్కర్ బృందం పుర్రె విప్పకుండానే ఈ పని చేసి చూపింది. పేరు టీఎంఎస్ (ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్), అంటే పుర్రె బయటినుంచే అయస్కాంతంతో మెదడును తట్టడం. కాయిల్‌లో వేల ఆంపియర్ల కరెంటు, సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. అయస్కాంత క్షేత్రం ఠక్కున పుట్టి పోతుంది. మారే క్షేత్రం కరెంటు పుట్టిస్తుందని ఫారడే 1831లోనే చూపాడు కదా, ఆ కరెంటు ఇక్కడ మెదడు పైపొరలో పుడుతుంది. టప్‌మని చప్పుడు. బొటనవేలు దానంతటదే ఎగురుతుంది. (సంతలో అమ్మే అయస్కాంత కడియాలతో దీన్ని కలపకండి. వాటికీ దీనికీ సంబంధం లేదు.)

దృశ్యం: చేతి మీద ఎలక్ట్రోడ్లు, స్క్రీన్ మీద అల.

నెత్తి మీద కొడితే చేతి కండరం సుమారు 20 మిల్లీసెకన్లకు పలుకుతుంది. అదే కాయిల్‌తో మెడ వెనక కొడితే సుమారు 13. తేడా 7. అదే ఘాట్ రోడ్డు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో నరం మీది మైలిన్ తొడుగు, వైరు మీద ప్లాస్టిక్ ఊడినట్టు ఊడుతుంది, ఆ 7 పెరుగుతుంది. మెడపూసలు అరిగి వెన్నుపామును నొక్కినా పెరగొచ్చు. కాబట్టి ఈ అంకె ఒక్కదాన్ని చూసి జబ్బు పేరు పెట్టరు. షుగరుతో చేతి నరం దెబ్బతింటే ఘాట్ ఖాళీగానే ఉంటుంది, జామ్ ఊళ్లో.

నాకు ముచ్చటేసేది జంట దెబ్బల పరీక్ష. 1993లో కుజిరాయ్ అనే శాస్త్రవేత్త బృందం వివరించింది. ముందు చెయ్యి కదలనంత చిన్న దెబ్బ, రెండు మూడు మిల్లీసెకన్లకు పెద్దది. మామూలుగా చిన్నది బ్రేకు తొక్కినట్టయి, పెద్దదానికి కండరం కొంచెమే పలుకుతుంది. ఏఎల్ఎస్ (కండరాలను కదిపే నరకణాలు క్రమంగా చచ్చిపోయే జబ్బు) రోగుల్లో చాలామందికి ఈ బ్రేకు సరిగ్గా పట్టదు. ఘాట్‌లో టైము బాగానే ఉన్నా, ఈ తేడా కనబడొచ్చు.

కాయిల్ దెబ్బ అందేది రెండు మూడు సెంటీమీటర్ల లోతుకే. పార్కిన్సన్స్‌లో దెబ్బతినే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు చాలా అడుగున ఉంటాయి, వాటిని ఇది నేరుగా తాకలేదు.

దృశ్యం: పరీక్ష గది తలుపు.

పేస్‌మేకర్, కాక్లియర్ ఇంప్లాంట్, తలలో లోహపు క్లిప్పు, ఎప్పుడైనా మూర్ఛ (ఫిట్స్) వచ్చి ఉండటం: వీటిలో ఏదున్నా కుర్చీలో కూర్చోకముందే చెప్పేయండి.