పాత ట్రైలరులో కొత్త టాయిలెట్

శ్రోతలకు నమస్కారం.

కారు వెనుక కొక్కేనికి తగిలించుకొని ఊరూరా తిప్పుకొనే చిన్న ఇంటిని అమెరికాలో ట్రావెల్ ట్రైలర్ అంటారు. మంచాలు, పొయ్యి, గిన్నెలు కడిగే తొట్టి, స్నానాల గది, అన్నీ ఇరవై, ఇరవై అయిదు అడుగుల పొడవులోనే ఇమిడి ఉంటాయి. మిషిగన్ రాష్ట్రంలో ఉంటున్న నేను కొన్నేళ్ల కిందట 1972లో తయారైన అటువంటి ట్రైలరు ఒకటి కొన్నాను. చూడవచ్చిన వారందరూ దాని గుండ్రని మూలలను, పాతకాలపు కిటికీలను మెచ్చుకున్నారు గాని, నాతో ఎక్కువ చాకిరీ చేయించినదీ, నాకు ఎక్కువ పని నేర్పినదీ అందులోని టాయిలెట్. దానిని తీసి కొత్తది బిగించిన తీరును ఈనాటి ప్రసంగంలో చెప్పబోతున్నాను. భోజనం చేస్తూ వింటున్నవారు మన్నించాలి.

ముందుగా, ఈ టాయిలెట్ మన ఇళ్లలోని కమోడ్ వంటిది కాదని చెప్పాలి. ఇంటి కమోడ్‌కు వెనుక నీళ్ల తొట్టి ఉంటుంది, అడుగున వంపు తిరిగిన గొట్టం ఉంటుంది, ఆ వంపులో ఎప్పుడూ నిలిచి ఉండే నీరే మురుగు వాసనను పైకి రానివ్వకుండా ఆపుతుంది. ట్రైలరులో ఆ తొట్టీ ఉండదు, ఆ వంపూ ఉండదు. గిన్నె అడుగున ఒక చిన్న పలక తలుపులాగా అమరి ఉంటుంది; కాలితో మీట తొక్కితే ఆ పలక పక్కకు జరుగుతుంది, గిన్నెలోనిది తిన్నగా కింద ఉన్న ట్యాంకులో పడుతుంది, కాలు తీయగానే పలక మళ్లీ మూసుకుంటుంది. పలక అంచు చుట్టూ ఉన్న రబ్బరు సీలు మీద నిలిచే గ్లాసెడు నీళ్లే ఇక్కడ వాసనకు అడ్డు. అందుచేత ఆ రబ్బరు ఎండి బిరుసెక్కితే నీళ్లు మెల్లగా కిందికి జారిపోతాయి, వాసన పైకి వస్తుంది.

ఈ ఏర్పాటుకు కారణం నీటి పొదుపు. 1994 నుంచి అమెరికాలో ఇళ్ల కోసం తయారయ్యే టాయిలెట్లు ఒక్కసారికి 1.6 గ్యాలన్లకు, అంటే సుమారు 6 లీటర్లకు మించి నీరు వాడకూడదని నియమం ఉంది. ఆ కొద్దిపాటి నీటినైనా నా ట్రైలరు భరించలేదు, ఎందుకంటే మలినం చేరే దాని ట్యాంకులో పట్టేది 18 గ్యాలన్లు, అంటే 68 లీటర్లు మాత్రమే. పదకొండుసార్లు మీట నొక్కేసరికి నిండిపోయే ట్యాంకుతో నలుగురు మనుషులు రెండు రోజులు కూడా గడపలేరు. మీట తొక్కి ఉంచినంతసేపు మాత్రమే నీరు పారే ట్రైలరు టాయిలెట్‌కు ఒక్కొక్కసారి అర లీటరు కూడా చాలుతుంది.

తొలినాటి ట్రైలర్లలో ఈ సౌకర్యమే లేదు. రాత్రి ఎక్కడ ఆగితే అక్కడి మరుగుదొడ్డే దిక్కు. 1957లో ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ బయటి నీటి కుళాయితోగాని, విద్యుత్తుతోగాని, మురుగు కాలువతోగాని పనిలేకుండా నిలిచే ఇంటర్నేషనల్ అనే ట్రైలరును తెచ్చింది. ట్రైలర్ల టాయిలెట్లకు పేరుపడిన థెట్‌ఫర్డ్ సంస్థ 1963లో మా రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లోనే మొదలైంది. "బండి స్టేషనులో ఆగి ఉన్నప్పుడు మరుగుదొడ్డి వాడరాదు" అనే రైలు పెట్టెలోని హెచ్చరిక చదువుతూ పెరిగిన నాకు, ప్రయాణంలోని మలినాన్ని వెంట మోసుకుపోయి తగిన చోట వదలడం అనే ఆలోచన మొదట్లో వింతగా అనిపించిన మాట వాస్తవం.

ఇక నా ట్రైలరు సంగతి. మిషిగన్ చలికాలంలో గొట్టాలలో మిగిలిపోయిన నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది. పాత యజమాని ఏదో ఒక ఏడు నీటిని పూర్తిగా దించకుండానే ట్రైలరును వదిలేసి ఉంటాడు, నేను తెచ్చేసరికి టాయిలెట్ వెనుక ఉండే ప్లాస్టిక్ వాల్వు నిలువునా చీలి ఉంది. నీళ్లు వదలగానే సన్నని జల్లు వెనుక గోడను తడిపింది. చీలిన వాల్వు ఒక్కటి మారిస్తే చాలుననుకున్నాను, కాని అంత పాత నమూనాకు విడిభాగాలు దొరకలేదు, రబ్బరు సీలు చూస్తే గోటితో గీకితే పొడిగా రాలుతోంది. మొత్తం మార్చక తప్పలేదు. పాతదాని రంగు డెబ్బయిలలో అమెరికా వంటిళ్లను, స్నానాల గదులను ఏలిన ముదురు ఆకుపచ్చ. అంగళ్లలో ఇప్పుడు నాకు దొరికినవి తెలుపు, లేత మీగడ రంగు, అంతే. పాతకాలపు రూపాన్ని చెక్కుచెదరకుండా కాపాడాలనుకునేవారికి ఇది బాధే, కాని కారే గిన్నెను రంగు కోసం ఉంచుకోవడం నా దృష్టిలో తెలివైన పని కాదు.

కొనేముందు కొలవాలి. ఈ మాట నాకు తెలియక కాదు, సగమే కొలిచాను. వెనుక గోడ నుంచి నేలలోని రంధ్రం మధ్యభాగం దాకా ఎంత దూరం ఉందో చూశాను. ఈ తరహా టాయిలెట్లలో చాలావాటికి 11 అంగుళాలు కావాలి, నాకు ఆ చోటు ఉంది. పక్క గోడల మధ్య వెడల్పు చూశాను, తలుపు మూసుకుంటే మోకాళ్లకు చోటు మిగులుతుందా అని కూడా చూశాను. ఎత్తు మాత్రం చూడలేదు. ఆ కాలపు ట్రైలర్లు కొన్నిటిలో ట్యాంకు నేల కింద కాకుండా నేల మీదనే ఉంటుంది, దానిని కప్పుతూ ఒక చెక్క అరుగు కడతారు, ఆ అరుగు మీద టాయిలెట్ కూర్చుంటుంది. నాదీ అటువంటిదే, అరుగు ఎత్తు ఏడు అంగుళాలు. అందుకే ఈ టాయిలెట్లను పొట్టివి, పొడుగువి అని రెండు రకాలుగా తయారు చేస్తారు: పొట్టిదానిపై కూర్చునే ఎత్తు సుమారు 13 అంగుళాలు, పొడుగుదానిపై సుమారు 18. నేను హాయిగా ఉంటుందని పొడుగుది తెచ్చాను. అరుగు మీద పెట్టి చూస్తే మొత్తం 25 అంగుళాలయింది.

ఆ రోజుల్లో తెనాలి నుంచి మా అమ్మ వచ్చి ఉంది. ట్రైలరు గుమ్మంలో నిలబడి ఆ సింహాసనాన్ని ఎగాదిగా చూసి, "ఒరే నాన్నా, దీని మీదికి ఎక్కాలంటే ముందు పీట వేసుకోవాలి, దిగాలంటే నిన్ను కేకెయ్యాలి" అంది. నేను కూర్చుని చూశాను, కాళ్లు నేలకు అందలేదు. మర్నాడు దానిని అంగడికి తిరిగి ఇచ్చి పొట్టిది తెచ్చాను.

పాతదానిని విప్పడానికి ముందు ట్యాంకును మలినం వదిలే కేంద్రంలో ఖాళీ చేసి, నీళ్లు నింపి వదలడం మూడు నాలుగుసార్లు చేయాలి. ఆ పని ఎంత శ్రద్ధగా చేస్తే తరువాతి రోజు అంత సుఖం. ఆ తరువాత నీటి పంపును ఆపి, ఒక కుళాయి తిప్పి గొట్టాలలోని ఒత్తిడిని తీసివేయాలి. చేతికి తొడుగులు, ముక్కుకు మాస్కు ఉండాలి, కిటికీలన్నీ తెరిచి ఉండాలి, ఎందుకంటే ట్యాంకులో పుట్టే వాయువులు వాసనతో సరిపెట్టవు. టాయిలెట్‌ను పట్టి ఉంచేవి రెండే నట్లు. యాభయ్యేళ్ల తుప్పు పట్టిన ఆ నట్లను పానాతో బలవంతంగా తిప్పబోతే, కింద ఉన్న ఫ్లాంజ్, అంటే టాయిలెట్‌ను ట్యాంకుతో కలిపే ప్లాస్టిక్ చట్రం, పగిలిపోయే ప్రమాదం ఉంది. ముందురోజు రాత్రి తుప్పు వదిలించే నూనె పోసి ఉంచినా ఒకటి మొండికేసింది. రంపపు బ్లేడుకు గుడ్డ చుట్టి పట్టుకొని అరగంట సేపు కోశాను. గిన్నెను నిలువుగా పైకి లేపిన వెంటనే ఆ రంధ్రంలో ఒక పాత తువ్వాలును కుక్కాలి. అది వాసన ఆగడానికి ఒక్కటే కాదు, చేతిలోని పానా జారి ట్యాంకులో పడితే దానిని వెతికే ఓపిక ఎవరికీ ఉండదు.

అసలు కథ ఇక్కడ మొదలైంది. గిన్నె కింది చెక్క నల్లగా మెత్తబడి కనిపించింది. స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తే నానిన అటుకులలోకి దిగినట్లు దిగిపోయింది. అరుగు పలకలను ఒక్కొక్కటే ఊడదీసి చూస్తే, ఆ తడి అరుగు లోపలి నుంచి జారి వెనుక మూలన ట్రైలరు నేలను కూడా తినేసింది. వాల్వు నుంచి కారిన నీరు కొంత, గిన్నెకూ ఫ్లాంజ్‌కూ మధ్య ఉండే సీలు నుంచి ఊరిన తడి కొంత, ఎన్నేళ్లుగా చేరిందో. ఇటువంటి ట్రైలరును కొనేవారు మెరిసే బయటి రేకును కాకుండా ముందుగా టాయిలెట్ చుట్టూ నేలను మడమతో తొక్కి చూడాలని నేను ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. అక్కడ నేల స్పంజిలా అణిగితే బేరంలో ఆ ఖర్చును కూడా లెక్క వేసుకోవాలి.

ఒక పూట పని అనుకున్నది మూడు వారాంతాలు పట్టింది. ట్యాంకును పట్టి ఉంచిన ఇనుప పట్టీలను విప్పి, నేనూ నా మిత్రుడూ కలిసి దానిని బయటికి దించాము. పచ్చిక మీద పెట్టి, కడిగి, నోరు మూసి నీళ్లు నింపి ఒక రాత్రంతా ఉంచాము. తెల్లవారి కింద గడ్డి తడవకపోవడంతో ట్యాంకు మంచిదేనని తేలింది; అది పగిలి ఉంటే ఆ కొలతలకు కొత్తది పోతపోయించుకోవలసి వచ్చేది. కుళ్లిన నేలను గట్టి చెక్క తగిలేదాకా కోసివేసి, అదే మందంలో, అంటే అంగుళంలో అయిదు ఎనిమిదవ వంతు, పడవలకు వాడే ప్లైవుడ్‌ను కోసి అమర్చాము. దాని అంచులకు నాలుగు వైపులా ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పూయడం మరవలేదు, ఎందుకంటే ప్లైవుడ్ నీటిని తాగేది అంచుల నుంచే.

ట్యాంకు తిరిగి ఎక్కిన తరువాత ఫ్లాంజ్ ఎత్తు చూసుకోవాలి. అరుగుకు వేసే కొత్త చెక్క పలక పాతదానికన్నా మందమైతే ఫ్లాంజ్ లోపలికి కుంగినట్లవుతుంది, అప్పుడు సీలు సరిగా నొక్కుకోదు, ఏ లీకును ఆపడానికి ఇంత శ్రమ పడ్డామో ఆ లీకే మళ్లీ మొదలవుతుంది. ఇళ్లలో కమోడ్ కింద మైనపు కడియం పెట్టడం అమెరికాలో వాడుక. ట్రైలరులో అది పనికిరాదు, దారి కుదుపులకు, ఎండలో నిలిపిన బండిలోని వేడికి మైనం నిలవదు. టాయిలెట్‌తో పాటు వచ్చే రబ్బరు లేక మెత్తని ఫోము కడియమే వాడాలి.

గిన్నెను బోల్టుల మీదికి నిలువుగా దించి, రసమట్టం పెట్టి చూసి, ఒకవైపు నట్టు కొంచెం, రెండవవైపు నట్టు కొంచెం, అలా మార్చి మార్చి బిగించాలి. గిన్నె కదలకుండా నిలిస్తే చాలు. ఇంకొక అర చుట్టు అనే ఆశకు పోతే అడుగుభాగం పగులుతుంది. నీటి గొట్టం దగ్గర కూడా ఇదే సంయమనం కావాలి. పాత ట్రైలరులో రాగి గొట్టం, కొత్త టాయిలెట్‌కు అర అంగుళం మర. రెంటినీ కలపడానికి రాగికి సరిపడే కప్లింగు వేసి, అక్కడి నుంచి పెక్స్ అనే వంగే ప్లాస్టిక్ గొట్టం తెచ్చుకున్నాను. లోపల రబ్బరు వైసరు ఉన్న ప్లాస్టిక్ నట్టుకు టెఫ్లాన్ టేపు అక్కరలేదు, చేతితో బిగిస్తే సరిపోతుంది. టేపు చుట్టితే తప్ప మనసు కుదుటపడని మా మిత్రుడు చుట్టాడు, అది కారింది, తీసేశాము, ఆగింది.

ఇదంతా చూసి, ట్యాంకే లేకుండా మలినాన్ని కొబ్బరి పీచు పొట్టులో ఎండబెట్టే టాయిలెట్ పెట్టకూడదా అని కొందరు అడిగారు. నీటి అవసరం లేకపోవడం, ట్యాంకు బరువు తప్పడం దాని గుణాలే. కాని మూత్రం విడిగా చేరే సీసాను తరచు ఖాళీ చేయాలి, చిన్న పంకా రేయింబవళ్లు తిరుగుతూ ఉండాలి. నెలల తరబడి అడవులలో ఉండేవారికి అది తగినదే, వారాంతపు ప్రయాణాలు చేసే మా ఇంటికి కాదు.

బిగించిన నాటి సాయంత్రం గిన్నెలో సగం వరకు నీళ్లు నింపి, నీటి అంచు దగ్గర పెన్సిలుతో ఒక గీత గీశాను. చుట్టూ నేల మీద పొడి కాగితపు తువ్వాళ్లు పరిచాను. గిన్నె అడుగు చుట్టూ సిలికాన్ పూయడం కొందరికి అలవాటు, నేను వెనుకవైపు నాలుగు వేళ్ల మేర వదిలేశాను, ఎప్పుడైనా కారితే ఆ నీరు లోపల దాగకుండా బయటికి వచ్చి కనిపించాలని. తెల్లవారి చూస్తే నీరు గీత దగ్గరే ఉంది, కాగితాలు పొడిగా ఉన్నాయి. అయినా సన్నగా వాసన. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక పైకప్పు మీదికి ఎక్కి చూస్తే, ట్యాంకు గాలిని బయటికి పంపే గొట్టం నోటిని కందిరీగలు మట్టితో మూసి పెట్టాయి. పుల్లతో పొడిచి, గొట్టానికి సన్నని జాలీ బిగించాను.

ఇప్పుడు ప్రతి సంవత్సరం నవంబరు మొదటి వారంలో గొట్టాలలోని నీరంతా దించి, మంచినీటి గొట్టాలకు హాని చేయని గులాబీ రంగు యాంటీఫ్రీజ్‌ను, అంటే చలికి గడ్డకట్టి గొట్టాలను పగలగొట్టని ద్రవాన్ని, పంపుతో ఎక్కిస్తాను. టాయిలెట్ మీటను తొక్కి పట్టుకుంటాను, గిన్నెలోకి గులాబీ రంగు నీరు వచ్చేదాకా. ఆ రంగు కనిపించిందంటే ఒకనాడు చీలిన ఆ వాల్వు చోటికి కూడా అది చేరినట్లే. గిన్నెలో రెండు గ్లాసులు అదనంగా పోసి, మూత దించి, ట్రైలరు తలుపుకు తాళం వేస్తాను.

సెలవు. నమస్కారం.